మడత పెట్టని కాగితం

దసరా సెలవుల్లో సజ్జ దులుపుతుంటే అమ్మవాళ్ల ఇంటి నుంచి ఎప్పుడో తెచ్చి పడేసిన రేకు పెట్టె ఒకటి కిందికి దిగింది. ఆ పెట్టెను చూస్తేనే మా వారికి చిరాకు. "పాత సామాన్లవాడికి వేసెయ్యరాదా?" అని ఏడాదికోసారి అడుగుతూనే ఉంటారు. అందుకే ఆయన ఇంట్లో లేనప్పుడే నేను దాన్ని తెరుస్తాను. లోపల మిగిలిపోయిన పెళ్లి పత్రికలు, రెండు ఇత్తడి చెంచాలు, తుప్పు పట్టిన బాబిన్లు ఉన్నాయి. ఒక స్టూడియో ఫొటో కూడా ఉంది. అన్నింటికీ అడుగున, పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితాలు దారంతో కట్టి ఉన్నాయి.

ఫొటో 1992లోది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. లేత నీలం మీద చిన్న తెల్ల పూల వాయిలు గౌను, బేబీ కాలరు, నడుముకు అదే బట్టతో బెల్టు, మోచేతుల పైదాకా బుట్ట చేతులు. ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో అలాంటి గౌను వేసుకుని బస్టాండు దాకా నడిస్తే నలుగురూ తిరిగి చూసేవాళ్లు. నేను ఫొటో తుడుస్తుంటే ఇంటర్ మొదటి ఏడు చదివే మా అమ్మాయి వెనక నుంచి లాక్కుంది.

"అమ్మా, ఇది నాకు కావాలె."

"ఫొటోనా?"

"కాదు, గౌను! మా కాలేజీల రెట్రో డే ఉంది. అందరు ఆన్‌లైన్‌ల కొంటున్నరు. నాకు గిదే కావాలె."

నేను పుట్టి పెరిగిన కాలం రెట్రో అయిపోయిందని అప్పుడే తెలిసింది నాకు! గౌను ఎప్పుడో మసిగుడ్డ అయి ఉంటుంది. కానీ కట్ట విప్పి చూస్తే, ఆ ఖాకీ కాగితాలు సరిగ్గా ఆ గౌనువే. ఎర్ర పెన్సిలుతో అమ్మ గుండ్రటి రాత. "ముందు", "ఎనుక", "చెయ్యి", పక్కన 31 అని ఛాతీ కొలత.

అమ్మ దగ్గర నల్లటి ఉషా మిషను ఉండేది. ఊళ్లో మహిళా మండలిలో ఆరు నెలలు నేర్చుకున్న కుట్టు పనితో ఆవిడ మా ముగ్గురికీ, ఇంటి చుట్టుపక్కల పిల్లలకూ బట్టలు కుట్టేది. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు కాగితం మీద గీసి, కత్తిరించి, మన ఒంటి మీద పెట్టి చూసేది. గుడ్డ పాడైతే మళ్లీ కొనే స్తోమత లేదు కదా. అమెరికాలో బటరిక్ అనే దర్జీ 1863లో కాగితం కత్తిరింపులు అమ్మడం మొదలుపెట్టాడట. చిన్నవి, పెద్దవి అని సైజుల వరసలో ఉండేవి, ఎవరి సైజు వాళ్లు కొనుక్కునేవారు. అమ్మ కాగితం అలా కాదు, ఎవరి కాగితం వాళ్లదే. "నీ కాయితం ఏదే?" అని అడిగి మరీ వెతికేది.

పాత కాగితంతో కుట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. అసలు కాగితం మీద కత్తెర పెట్టకండి. నేను ఆ ఖాకీ ముక్కల్ని రెండు రోజులు బరువైన పుస్తకాల కింద ఉంచి, మడతలు సాపైన తర్వాత కొత్త కాగితం మీద గీసుకున్నాను. అమ్మ కుట్టుకు వదిలే అంచు కాగితంలో కలపదు, గుడ్డ మీదే వదులుతుంది. అది గుర్తు పెట్టుకోకపోతే గౌను రెండంగుళాలు బిగుతవుతుంది.

ఇక పెంచడం. కాగితం ఛాతీ 31, మా అమ్మాయిది 34. మూడంగుళాల తేడాను నాలుగు భాగాలు చేస్తే భాగానికి ముప్పావంగుళం వస్తుంది. మొత్తం పక్క కుట్ల దగ్గరే కలిపేస్తే సులువే గాని, చంకల కింద గుడ్డ సంచిలా వేలాడుతుంది. భుజం మధ్య నుంచి నడుము దాకా కాగితాన్ని నిలువుగా చీల్చి, పావంగుళం ఎడంగా జరిపి, వెనక ఇంకో కాగితం అతికించాలి. మిగిలిన అరంగుళం పక్కన కలపాలి. మా అమ్మాయి నాకంటే పొడుగు కాబట్టి ఛాతీకీ నడుముకీ మధ్య అడ్డంగా కోసి ఒక అంగుళం పట్టీ చేర్చాను. కింది గేరు భాగం ఎలాగూ కుచ్చులే, దానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు.

అన్నీ సరిగానే చేశాను, ఒక్కటి తప్ప. మామూలుగా ముందు భాగం కాగితం సగమే ఉంటుంది. గుడ్డను మడతపెట్టి, మడత మీద సగం కాగితం పెట్టి కత్తిరిస్తే రెండు వైపులూ ఒకేలా వస్తాయి. మీలో కుట్టు వచ్చినవాళ్లందరికీ తెలిసిందే. అమ్మ కాగితం మాత్రం నిండుగా ఉంది, మడత లేదు. ఒక భుజం దగ్గర "కు" అని, ఇంకో భుజం దగ్గర "ఎ" అని రాసి ఉంది. "ఎ" వైపు భుజం చివర ముప్పావంగుళం కిందికి ఉంది. కత్తెర జారిందేమో, అమ్మకు కూడా తప్పు పడిందే అని నవ్వుకున్నాను. కాగితాన్ని మధ్యకు మడిచి, బాగున్న కుడి సగాన్ని తీసుకుని, తప్పు దిద్దానన్న తృప్తితో పాత దుప్పటి మీద కత్తిరించాను.

కొత్త గుడ్డ జోలికి పోకుండా ముందు పాత దుప్పటితో కుట్టి చూడడం మంచి అలవాటు. చేతులు, కాలరు అక్కర్లేదు. పైభాగం ఒక్కటి పెద్ద కుట్టు పెట్టి లాగిస్తే చాలు, ఒక్క దారం పీకితే విడిపోయేటట్టు. రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయికి తొడిగాను. కుడివైపు అచ్చు పోసినట్టు కూర్చుంది. ఎడమవైపు మెడ దగ్గర నుంచి చంకలోకి ఏటవాలుగా ముడతలు. మెడ కూడా ఎడమ పక్కకు జారుతోంది.

"సక్కగ నిలబడు."

"సక్కగనే నిలబడ్డ."

"రోజూ ఆ బ్యాగు ఒక్క భుజానికే వేసుకుంటే ఒంగిపోవా మరి?"

"అమ్మా, నేను ఒంగలేదు!"

విప్పాను. కాగితం కొలిచాను. రెండు వైపులూ వెంట్రుక వాసి తేడా లేదు. మళ్లీ కుట్టాను, మళ్లీ అవే ముడతలు. రెండో రాత్రి పిల్లను బాగా విసుక్కున్నాను. ఆ పిల్ల దుప్పటి గుడ్డ విప్పి మంచం మీద విసిరి వెళ్లిపోయింది. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. ఆ రెండు రాత్రులూ గుడ్డ తప్పో, కుట్టు తప్పో, పిల్ల నిలబడే తీరు తప్పో అని చూశానే గాని ఇంకొకటి తోచలేదు.

మూడో రోజు పొద్దున, అందరూ వెళ్లిపోయాక, ఆ ఖాకీ కాగితాన్ని మళ్లీ పరిచాను. ముందు భాగంలో ఎడమ భుజం ముప్పావంగుళం దిగువకు ఉందా, వెనక భాగం ఎడమ ముక్కలోనూ సరిగ్గా అంతే. చంక గుండ్రం అడుగు కూడా అంతే దిగింది. కత్తెర జారితే ఒక్కచోట జారుతుంది, నాలుగు చోట్ల కొలిచినట్టు జారదు. చేతుల కాగితాలు చూశాను. కుడి చేతికి ఆరు కుచ్చులు గీసి ఉంటే ఎడమ చేతికి ఎనిమిది. ఎడమ బుట్ట కొంచెం ఎత్తుగా లేచి నిలబడడానికి!

కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత లేచి బీరువా అద్దం ముందు కొంగు తీసి నిలబడ్డాను. నలభై ఏడేళ్ల వయసులో, నా ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉందని మొదటిసారి చూశాను.

చీర కట్టేవాళ్లకు ఇది ఎందుకు తెలియదో ఆలోచించండి. కొంగు వేసేది ఎడమ భుజం మీదే, కుచ్చి పిన్ను పెట్టేది అక్కడే. ఏముందో ఎవరికి కనబడుతుంది? పెళ్లయినప్పటి నుంచి నా జాకెట్ల ఎడమ భుజం జారుతూనే ఉంది, లోపలి పట్టీ కూడా అటువైపే జారుతుంది. ఐదుగురు టైలర్లను మార్చాను. ఒకాయనతోనైతే నడి బజార్లో గొడవే పెట్టుకున్నాను. పాపం, ఆయన గుడ్డను మడతపెట్టి అందరికీ కత్తిరించినట్టే నాకూ కత్తిరించాడు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 2000లో నా పెళ్లికి బుట్ట చేతులు వద్దని అమ్మతో మూడు రోజులు మాట్లాడలేదు. అప్పటికి వాటి మోజు పోయింది, మా స్నేహితురాళ్లంతా సాదా చేతులే వేసుకుంటున్నారు. అమ్మ ఒక్క మెట్టు దిగలేదు. పాతకాలం మనిషి, నా ఇష్టానికి విలువ లేదు అని ఏడ్చాను. ఇన్నేళ్లూ ఆ ఆల్బం తీసినప్పుడల్లా ముందు ఆ చేతులే కనబడి ఒళ్లు మండేది.

సాయంత్రం మా అమ్మాయిని కూర్చోబెట్టి, కాగితం చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. అద్దంలో మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాను. అది ఏడుస్తుందేమో అనుకున్నాను. "అయితే నేను ఒంగలేదు కదా!" అంది ముందు. దానికి కావలసింది ఆ మాట.

ఊరుకోకుండా ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పిల్లను పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా, చేతులు వేలాడేసి ముందుకు వంగమన్నారు. వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క కొంచెం ఎత్తుగా లేచింది. వెన్నెముక పక్కకు వంగడాన్ని స్కోలియోసిస్ అంటారట. ఎక్స్‌రేలో పది డిగ్రీలు, ఆపైన ఉంటేనే ఆ పేరు పెడతారు, మా అమ్మాయిది పద్నాలుగు. ఎదుగుదల దాదాపు అయిపోయింది కాబట్టి మందులూ బెల్టులూ అక్కర్లేదు, ఏడాది తర్వాత మళ్లీ చూపించండి అన్నారు. బ్యాగు మోయడం వల్ల ఇది రాదని, కొన్ని కుటుంబాల్లో వరసగా కనబడుతుందని చెప్పారు. నేను బ్యాగును తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. మీ ఇంట్లో పదేళ్లు దాటి ఎదిగే పిల్లలుంటే, ముఖ్యంగా ఆడపిల్లలుంటే, ఒకసారి అలా వంగమని వీపు చూడండి. వంపు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎదిగే వయసులోనే బెల్టు వేయాలట, ఎదిగిపోయాక దాని వల్ల ఉపయోగం ఉండదట.

ఇక గౌనుకు గుడ్డ. అమ్మ చిన్న పూల వాయిలు ఎందుకు తెచ్చిందో ఇప్పుడు నాకు అర్థమైంది. చిన్న పూలలో ఏ హెచ్చుతగ్గులైనా కలిసిపోతాయి. అలాంటిదే కొందామంటే మా అమ్మాయి వినలేదు. భూదాన్ పోచంపల్లి దాకా వెళ్లి ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల ఇకత్ నూలు గుడ్డ పట్టుబట్టి కొనిపించింది, మూడున్నర మీటర్లు. గళ్లంటే గీసిన గీతలే కదా, భుజం ఏమాత్రం దిగినా పట్టిచ్చేస్తాయి. "అమ్మమ్మ లాగ ఎడమ చేతికి రెండు కుచ్చులు ఎక్కువ పెడతా, ఎవరికీ తెలవదు" అన్నాను. "వద్దు. మెడ జారొద్దు, చంకల పట్టొద్దు. అంతే. కనబడితే కనబడనీ" అంది.

నాకు మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా ఒప్పలేదు. రేపు పెళ్లి మాటలంటూ వచ్చినప్పుడు ఎవరైనా ఏమైనా అంటే? ఆ మాట పైకి అనలేదు గాని, అమ్మ మనసులో తిరిగింది కూడా ఇదే అయి ఉంటుందని అనిపించింది.

చేనేత నూలు గుడ్డ కాబట్టి ముందు గుప్పెడు ఉప్పు వేసిన చల్లనీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, తర్వాతే కత్తెర పట్టాను. ముడుచుకుపోయేదేదో అప్పుడే ముడుచుకుపోతుంది. గళ్ల గుడ్డకు ఇంకో జాగ్రత్త ఉంది. భుజం దిగిందని గుడ్డను ఏటవాలుగా పెట్టకూడదు. ఛాతీ దగ్గర, నడుము దగ్గర గళ్లు నేలకు సమంగా ఉండాలి. దించేదంతా భుజం కుట్టులో, చంకలో మాత్రమే. భుజం ఎంత దించితే చంక అడుగు ముందూ వెనకా అంతే దించాలి, లేకపోతే చెయ్యి పట్టేస్తుంది. మెడ గుండ్రాన్ని మాత్రం కదపకూడదు. మా అమ్మాయికి ముప్పావంగుళం అక్కర్లేదు, అరంగుళంతో ముడతలన్నీ పోయాయి. గౌను అంచును చివర్న, తొడిగించి, నేల మీద స్కేలు నిలబెట్టి చుట్టూ గుర్తులు పెట్టుకుని మడిచాను.

అంత జాగ్రత్తపడీ ముందు భాగం కాగితాన్ని బోర్లా పెట్టి కత్తిరించాను! దిగాల్సిన భుజం కుడివైపుకు వచ్చింది. గుండె ఆగినంత పనైంది. గుడ్డ ఇంకోసారి కొనాలా అని నెత్తి పట్టుకుని కూర్చున్నదాన్ని, ముక్కను తిరగేసి చూసి లేచాను. పోచంపల్లిలో నేశాక అద్దకం వెయ్యరు. నూలుకే చిటికీలు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు. అందుకని రంగు రెండు వైపులా ఒకటే ఉంటుంది. ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో చదివాను గాని, దాని గొప్పతనం నాకు ఆ పూట తెలిసింది. ముక్కను తిప్పి పెట్టాను, ఎడమ ఎడమకే వచ్చింది.

రెట్రో డే ముందు ఆదివారం గౌను తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాం. తమ్ముడి ఇంట్లో ఉంటుంది, డెబ్బై అయిదేళ్లు. కళ్లకు ఆపరేషన్ అయింది కాబట్టి చూపు మాత్రం నాకంటే బాగుంది. ఖాకీ కాగితం ముందు పెట్టి అడిగాను.

"ఇది ఎప్పుడు చూసినవమ్మా?"

"నీకు పన్నెండేండ్లప్పుడు. లంగ వోణి ఏసుకుంటె ఒక దిక్కు దిగుతుండె."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె అద్దం ముంగట నుంచి లేస్తుంటివా? రోజు అదే చూస్కుంట కూసుంటుంటివి."

"దవాఖానకన్న తీస్కపోవాల్సింది కదా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. కాగితం అంచును వేలితో రాస్తూ, "అప్పుడు గంత తెలుసా బిడ్డా మాకు? నలుగురికి తెలుస్తే నీ పెండ్లి కాదేమో అని బుగులు. ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో నాకెరుక" అంది. తర్వాత మెల్లగా, "పెండ్లికి బుట్ట చేతులకు ఎంత ఏడ్చినవే!" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆవిడ మీద కోపం పోయిందా అంటే పోయింది. కానీ పన్నెండేళ్ల పిల్లకు తన ఒళ్లు ఎలా ఉందో చెప్పాల్సిందే కదా అన్న పట్టింపు నాకు ఇంకా ఉంది. ఆ మాట ఆవిడతో అనలేదు.

ఇంతలో మా అమ్మాయి గౌను వేసుకుని వచ్చింది. రెండు చేతులకూ సమానంగా ఆరేసి కుచ్చులు. ఎడమ భుజం దగ్గర గళ్లు కొంచెం కిందికి దిగి, తెలిసినవాళ్లకు తెలుస్తూనే ఉంది. అది ఫొటోలోలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అమ్మ దగ్గరికి పిలిచి, ముందు కళ్లతో చూసి, తర్వాత చంకలో రెండు వేళ్లు పెట్టి చూసింది.

"అంతా మంచిగున్నది. ఎడమ చంక ఇంకో పావంగుళం దింపాల్సింది" అంది నాతో. "చెయ్యి పైకెత్తు బిడ్డా. సూడు, పట్టుతున్నదా?"

"కొంచెం పట్టుతున్నది అమ్మమ్మా."

"సూసినవా?"

ఇంటికొచ్చి ఆ రాత్రే కుట్టు విప్పాను.